ఇత్తడి తూటా కేసులు మచ్చ లేకుండా ఆరాయి

టెక్సాస్‌లో మా షూటింగ్ రేంజి మిత్రులు తరచూ అడిగేది ఇదే: మళ్లీ మందు నింపి వాడుకోవడానికి స్టీలు పిన్నులతో కడిగిన ఇత్తడి కేసుల (కాల్చాక మిగిలే ఖాళీ తూటా తొడుగులు) మీద ఆరాక మచ్చలు, లోపల తడి. ఎండ, ఫ్యాను, హెయిర్ డ్రయర్ ఏవీ పూర్తిగా కుదరలేదు. ఓవెన్ జోలికి పోలేదు. వేడి మితిమీరి కేసు అడుగు మెత్తబడితే, కాల్చేటప్పుడు అది పగిలి ప్రాణం మీదికి వస్తుంది.

కడగడానికి ముందే పాత ప్రైమర్లు (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్లలు) తీసేశాను. అడుగు రంధ్రం తెరుచుకుంటే నీరు నిలవదు. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో జాలించాను. మచ్చలు మా కుళాయి నీటిలోని సున్నానివే. తరువాత కేసులను పాత తువ్వాలులో పోసి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ దొర్లించాను. అసలు కిటుకు ఇదే, లోపలి నీరు చాలావరకు గుడ్డలోకి వచ్చేసింది. ఆపైన పండ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో మూతి కిందికి పెట్టి, 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర. (సీసం అంటుతుంది కనుక ఆ యంత్రం ఇక వంటింట్లోకి రాదు.)

నావి 308 విన్‌చెస్టర్ రకం రైఫిల్ కేసులు. మూతి సన్నగా ఉండే 223 రకానికి ఇంకాస్త సమయం పట్టవచ్చు.