పాత టోపీ వేలంలో కొనే ముందు చూసుకోవాల్సినవి

బిడ్ వేసే ముందు లోపలి తోలు పట్టీ ఫోటో అడగండి. కంపెనీ ముద్ర, సైజు చాలాసార్లు అక్కడే ఉంటాయి, పైన ఎంత మెరిసినా ఆ తోలు అప్పడంలా పెళుసెక్కి ఉంటే నేనైతే వదిలేస్తాను.

సైజు అంకెను నమ్మొద్దు, పాత ఫెల్ట్ (ఉన్ని లేదా బొచ్చును నొక్కి చేసిన గుడ్డ) కుంచించుకుపోతుంది. లోపలి చుట్టుకొలత సెంటీమీటర్లలో అడిగి మీ తలకు టేపు పెట్టి చూసుకోండి.

సోలా టోపీకి (బ్రిటిష్ కాలం నాటి గట్టి ఎండ టోపీ) మాత్రం నీళ్లు అస్సలు తగలనీయకండి. అది జీలుగు బెండు, పెళ్లి బాసింగాలు చేసేదే. కాజీపేటలో ఒక పాత రైల్వే కుటుంబం దగ్గర కొన్నదాన్ని తెలియక తడిగుడ్డతో తుడిచాను, సాయంత్రానికి అంచు దగ్గర గుడ్డ ఉబ్బి, జిగురు వదిలి, బెండు పొరలుగా లేచింది. ఇప్పటికీ బాధగానే ఉంది.

అమెరికాలో 1941 చివరి వరకు ఫెల్ట్ తయారీలో పాదరసం వాడేవాళ్లు. అంత పాతదైతే ఆకారం సరిచేయడానికి ఇంట్లో ఆవిరి పట్టొద్దు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

అమ్మేటప్పుడు టోపీని వెలుతురుకు ఎదురుగా పట్టి ఫోటో తీయండి, పురుగు తిన్న చిల్లులు కొనేవాళ్లకు ముందే కనపడాలి. పార్సిల్‌లో తలభాగం నిండా మెత్తటి కాగితం కూరండి. మే నెలలోనైతే హనుమకొండ ఎండలో కారులో గంటసేపు కూడా ఉంచకండి, తోలు ముడుచుకుపోతుంది.