పాత కార్వెట్‌కు పిన్నులతో రబ్బరు సీళ్లు: సమస్యలు, పరిష్కారాలు

అమెరికన్ స్పోర్ట్స్ కారు షెవ్రొలే కార్వెట్ బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్ గ్లాస్. 1963-82 మధ్య వచ్చిన రెండో, మూడో తరం కార్లలో ఇంజిన్ గదికీ చక్రాల గూళ్లకూ మధ్య, రేడియేటర్ చుట్టూ మిగిలిన సందులను రబ్బరు పట్టీలతో మూశారు. వాటిలో చాలావాటిని జిగురుతో అంటించలేదు, స్క్రూలతో బిగించలేదు. స్టేప్లర్ పిన్నుల్లాంటి మందపాటి తీగ పిన్నులు దూర్చి, వెనక కాళ్లు మడిచారు. పట్టీని నిలబెట్టేది పైకి కనిపించే పిన్ను వీపు కాదు, కనబడని ఆ మడత. కింద చెప్పిన తంటాల్లో ఎక్కువ భాగం ఆ మడత దగ్గరే మొదలవుతాయి.

సమస్య: హైవే మీద ఇంజిన్ వేడెక్కుతోంది, కారు ఆగితే తగ్గుతోంది

చాలామంది ముందుగా థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపుచేసే కవాటం) మారుస్తారు, తర్వాత రేడియేటర్ మీద పడతారు. వేడి ఎప్పుడు పెరుగుతోందో గమనిస్తే ఆ ఖర్చు తప్పవచ్చు. ట్రాఫిక్‌లో పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే ఫ్యాన్ వైపు చూడాలి. వేగంలోనే పెరుగుతుంటే గాలి రేడియేటర్‌లోంచి కాకుండా పక్కలనుంచి జారిపోతూ ఉండవచ్చు. గాలికి సందు దొరికితే సన్నటి రెక్కల మధ్య నుంచి ఎందుకు వెళుతుంది? మూడో తరం కారు గాలిని ఎక్కువగా బంపర్ కిందినుంచి తీసుకుంటుంది కాబట్టి సీళ్లు లేకపోతే దానికి మరీ ఇబ్బంది.

చీకటి పడ్డాక బానెట్ మూసి, రేడియేటర్ వెనక ఒక దీపం ఉంచి ముందునుంచి చూడండి. రేడియేటర్ అంచుల చుట్టూ వెలుగు చారలు కనిపించినచోట సీలు లేదు, లేదా పిన్ను వదిలేసింది. అన్నీ మూసినా వేడి తగ్గకపోతే అప్పుడు పూడిపోయిన రేడియేటర్, ఇగ్నిషన్ టైమింగ్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పడే సమయం), కుంచించుకుపోయే రేడియేటర్ కింది గొట్టం వంతు.

సమస్య: పిన్ను దిగకుండా వంగిపోతోంది

ఆఫీసు స్టేప్లర్ పిన్ను ఈ పనికి పనికిరాదు. సీళ్ల కోసమే అమ్మే పిన్నులు తీసుకోండి, లేదా గట్టి స్టెయిన్‌లెస్ తీగను ముక్కలుగా కత్తిరించి వంచుకోండి. తీగ సరైనదైనా వంగుతుంటే పాత రంధ్రాలు పెయింటుతోనో రెజిన్‌తోనో (ఫైబర్ గ్లాస్‌ను గట్టిపరిచే జిగురుతోనో) పూడిపోయి ఉంటాయి. తీగకు సరిపడే సన్నటి డ్రిల్ బిట్‌తో వాటిని మళ్లీ తెరవండి. ఫైబర్ గ్లాస్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. రబ్బరుకు కూడా ముందే రంధ్రం చేసుకుంటే పిన్ను నిటారుగా దిగుతుంది.

సమస్య: రంధ్రం చుట్టూ నక్షత్రంలా పగుళ్లు

సుత్తి వాడారన్నమాట. ఇనుప రేకు దెబ్బకు సొట్టపడి ఊరుకుంటుంది, ఫైబర్ గ్లాస్ పగులుతుంది. ఇది ఇద్దరి పని: ఒకరు చక్రం గూట్లోంచి పిన్ను వీపుకు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి, మరొకరు ఇంజిన్ వైపునుంచి నోస్ ప్లయర్‌తో కాళ్లను ఒక్కొక్కటిగా మడవాలి. ఇంజిన్ బిగించకముందే ఈ పని పూర్తిచేసుకుంటే చెయ్యి హాయిగా తిరుగుతుంది. పడిన పగులును రెజిన్, గ్లాస్ గుడ్డతో పూడ్చి, పూర్తిగా గట్టిపడ్డాకే మళ్లీ రంధ్రం చేయండి.

సమస్య: పిన్ను దగ్గర రబ్బరు చిరుగుతోంది

లోపల గుడ్డ పొర లేని చౌక రబ్బరు అయి ఉండవచ్చు, లేదా రంధ్రం అంచుకు మరీ దగ్గరగా పడి ఉండవచ్చు. పిన్నును రబ్బరులోకి కోసుకుపోయేంత గట్టిగా లాగి మడిచినా ఇదే ఫలితం. రబ్బరు కదలకుండా నిలిస్తే చాలు, నొక్కుకుపోనక్కర్లేదు.

సమస్య: పట్టీ అలలుగా లేచింది

ఒక కొసనుంచి మొదలుపెట్టి లాగుతూ పోయారు. పిన్నులు తీసి, పెట్టెలో మడతపడి వచ్చిన రబ్బరును ఎండలో కాసేపు చదునుగా పరచండి. తర్వాత క్లిప్పులతో తాత్కాలికంగా నిలిపి, మధ్యనుంచి రెండు కొసలకూ వెళ్లండి.

సమస్య: కొత్త సీలు సస్పెన్షన్ చేతికి (చక్రాన్ని చట్రానికి కలిపే కడ్డీకి) రాసుకుంటోంది

కారును జాకీ మీద ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతుండగా అమర్చితే ఇలా జరుగుతుంది. ఆ స్థితిలో పై చెయ్యి ఉండేచోటు వేరు, బరువు పడ్డాక ఉండేచోటు వేరు. పిన్నులు మడిచే ముందు చక్రాలపై బరువు పడేలా కారును దించి, చేతికీ రబ్బరుకూ మధ్య ఖాళీ చూసుకోండి. స్టీరింగ్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి టైరు తగలడం లేదని కూడా నిర్ధారించుకోండి.

సమస్య: పిన్నుల కింద తుప్పు చారలు

మామూలు ఇనుప తీగ వాడితే తప్పదు, స్టెయిన్‌లెస్‌కు మారండి. రేడియేటర్‌ను మోసే చట్రం మాత్రం ఇనుముదే. అక్కడ రంధ్రం తెరిచిన ప్రతిసారీ అంచుకు పెయింటు తాకించకపోతే పిన్ను మెరుస్తూనే ఉంటుంది, చట్రం తుప్పుపడుతుంది. 1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ, కారు ఫ్యాక్టరీనుంచి వచ్చినట్టే ఉందా అని చూసే పరీక్షకు మీ కారును పంపే ఉద్దేశం ఉంటే ఇంకొక జాగ్రత్త: పాత సీళ్లు పీకే ముందే ఏ పిన్ను ఎక్కడ, ఏ దిశలో ఉందో ఫోటోలు తీసిపెట్టుకోండి.