పండగ ముందు ఇల్లు ఒకసారి చూసుకోండి: ఒక కేజువాల్టీ నర్సు మాట

ప్రభుత్వ ఆసుపత్రి కేజువాల్టీలో స్టాఫ్ నర్సుని. కాలిన పిల్లాణ్ని ఎత్తుకొచ్చిన వాళ్లని "ఎలా జరిగిందమ్మా?" అని అడిగితే తరచూ వినపడే జవాబు, "రోజూ అక్కడ పెట్టమండీ, ఇవాళే..." ఇవాళే గీజరు పాడైంది. ఇవాళే చుట్టాలొచ్చారు. రోజూ చేసే పనే, కాకపోతే ఆ రోజు వేరే చోట, వేరే మనిషి, హడావిడిగా చేశారు. అందుకే ఏడాదంతా ఇంటికి కాపలా కాయమని నేను చెప్పను. ఇంటి పద్ధతి మారే రోజుని ముందే గుర్తు పట్టమంటాను.

సంక్రాంతే తీసుకోండి. చలి, ఇంటి నిండా జనం, భోగినాడు తెల్లారకముందే అందరికీ తలంట్లు. బకెట్లో ముందు వేణ్నీళ్లు పోసి, చన్నీళ్ల కోసం అటు తిరుగుతారు. ఆ కాస్త సందులోనే పిల్లాడు చెయ్యి పెడతాడు, లేదా వెనక్కి నడుచుకుంటూ వచ్చి అందులో కూలబడతాడు. మా దగ్గరికి వచ్చే పసివాళ్లలో పిరుదులు, వీపు కాలినవి ఇలాంటివే. కాబట్టి ఎప్పుడూ చన్నీళ్లు ముందు, వేణ్నీళ్లు తర్వాత. కాగిన నీళ్లు మోసుకెళ్లడం కాదు, చన్నీళ్లు పోసిన బకెట్నే పొయ్యి దగ్గరికి తెచ్చుకోండి.

వాటర్ హీటర్ రాడ్ వాడేవాళ్లు నీళ్లలో వేలు పెట్టే ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ కూడా పీకేయాలి. వైరింగ్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా రాడ్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. ఇనప బకెట్ అసలే వద్దు. మీటరు దగ్గర ఎంసీబీ ఉంది కదా అనుకోకండి, అది లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతుంది గానీ మనిషికి షాక్ కొడితే పడదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్, వేరే ఉండాలి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

పండగకి ముందు సున్నాలు, రంగులు. మిగిలిన టర్పెంటైన్ కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెడతారు. నన్నడిగితే ఇంట్లో ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. పిల్లలు అదిగానీ కిరోసిన్ గానీ తాగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో ఉప్పునీళ్లు పోయకుండా, ఆ సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి రండి.

ఇక భోజనాలు. సాంబారు డేగిశా నేల మీదికి దించి, మూత తీసి, గరిట కోసం వెళ్తారు. పండగింట్లోనైనా పెళ్లింట్లోనైనా పిల్లల్ని అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదని లెక్క. డేగిశా దించిన దగ్గర్నుంచి ఖాళీ అయ్యేదాకా ఒక మనిషిని పేరు పెట్టి అక్కడ నిలబెట్టండి. చుట్టూ బెంచీలు అడ్డం వేయండి. పిల్లల బంతి ముందు లేపేస్తే ఇంకా మంచిది.

కాలితే వెంటనే కొళాయి కింద 20 నిమిషాలు. చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. టూత్‌పేస్టు, సిరా, ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు, మొలతాడు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి కోసుకుంటాయి. చర్మానికి అతుక్కున్న బట్ట మాత్రం లాగకండి. పసిపిల్లలైతే కాలిన చోట మాత్రమే నీళ్లు, మిగతా ఒళ్లు కప్పి ఉంచండి. ఇంకొకరు ఈలోగా 108కి చేయాలి.

డాబా మీద గాలిపటాల గురించి రెండే ముక్కలు. పిట్టగోడ లేని డాబా మీద ఎగరేయనివ్వొద్దు, చూపు పైన, నడక వెనక్కి. వైర్లకి చిక్కిన పటాన్ని ఇనప రాడ్‌తో తీయొద్దు. చైనా మాంజాని హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దాంతో గొంతు తెగిన బైకువాళ్లు వస్తూనే ఉన్నారు.

పిల్లల గొడవలో పెద్దవాళ్లని మరిచిపోతాం. చుట్టాలకి మంచం ఇచ్చి తాతయ్యని వేరే గదిలో పడుకోబెడతారు. అర్ధరాత్రి లేస్తే స్విచ్ ఎటుందో తెలీదు, నేల మీద పక్కలు, బాత్రూమ్ గచ్చు తడి. ఆయన చోటు ఆయనకే ఉంచండి, మార్చక తప్పకపోతే బాత్రూమ్ దారిలో జీరో బల్బు వెలిగించండి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు పడి తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానన్నా వినకుండా ఆ రాత్రే తీసుకురండి. లోపల రక్తస్రావం బయటపడటానికి టైమ్ పడుతుంది. వచ్చేటప్పుడు మాత్రల డబ్బా తెస్తే మా పని సగం తగ్గుతుంది.