కమ్యూనిటీ కాలేజీలో మ్యూజిక్, ఫిలాసఫీ కలిపి చదవడం ఎలా? (కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళ కోసం)

హెచ్ ఫోర్ (హెచ్ వన్ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి ఇంట్లో ఉన్నవాళ్ళు, హైస్కూల్ అయిపోయి ఏం చదవాలో తేలని పిల్లలు, నలభై దాటాక చిన్నప్పుడు ఆపేసిన సంగీతం మళ్ళీ గుర్తొచ్చినవాళ్ళు, అందరూ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునే చోటు కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీ) ఒక్కటే అనుకుంటా. నేను మూడో రకం. నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నా.

స్టెప్ 1: ముందు ఫీజు, రెసిడెన్సీ తేల్చుకోండి

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, సీసీసీ అప్లై అనే సైట్లో అప్లికేషన్ ఫ్రీ. రెసిడెంట్లకి (రాష్ట్రంలో స్థిరపడ్డవాళ్ళకి) యూనిట్‌కి, అంటే కోర్సు బరువు కొలిచే లెక్కకి, 46 డాలర్లు, అంటే 60 యూనిట్ల అసోసియేట్ డిగ్రీకి 2,760, పుస్తకాలూ పార్కింగూ హెల్త్ ఫీజూ వేరే. కుపర్టినోలో డి ఆంజా లాంటి చోట్ల సెమిస్టర్ కాదు క్వార్టర్ పద్ధతి (టర్మ్‌లు చిన్నవి), యూనిట్ 31 డాలర్లే, కానీ చౌక అని మురిసిపోకండి, అక్కడ 90 యూనిట్లు కావాలి కాబట్టి తిప్పితిప్పి లెక్క అక్కడికే వస్తుంది.

రెసిడెంట్ అవ్వాలంటే టర్మ్ మొదలయ్యేలోపు రాష్ట్రంలో ఏడాదీ ఒక రోజు ఉండాలి, ఇక్కడే ఉండిపోతున్నట్టు కాగితాలు చూపించాలి (డ్రైవింగ్ లైసెన్స్, ట్యాక్స్ లాంటివి). హెచ్ ఫోర్ వాళ్ళు వీసా మార్చుకోకుండానే చదువుకోవచ్చు, రెసిడెన్సీకీ అడగొచ్చు. ఎఫ్ వన్ (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్ళకి ఆ రేటు రాదు, చాలా రెట్లు ఎక్కువ కట్టాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని మాత్రం చేర్పించొద్దు, కుదరదు.

స్టెప్ 2: మొదటి టర్మ్‌లోనే మ్యూజిక్ థియరీ పట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నేను చదివిన చోట (పేరెందుకు లెండి) కౌన్సెలర్ "ముందు ఇంగ్లీషు, మ్యాథ్ కానివ్వండి, మ్యూజిక్ తర్వాత చూద్దాం" అంది, నేనూ తలూపి వచ్చేశా, తీరా చూస్తే థియరీ వన్ ఫాల్ టర్మ్‌లో (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యేది) మాత్రమే ఉంది, ఒక ఏడాది మొత్తం గాల్లో కలిసిపోయింది. మ్యూజిక్ కోర్సులు మెట్లలాంటివి, థియరీ ఒకటి పాసైతేనే రెండు, రెండైతేనే మూడు, వాటి పక్కనే మ్యూజిషియన్‌షిప్ అని చెవికి తర్ఫీదిచ్చే క్లాసులు అదే వరసలో ఉంటాయి, పైగా కొన్ని ఏడాదికొక్కసారే పెడతారు. ఫిలాసఫీలో ఈ బాధ తక్కువ, ఎథిక్సో ఇంట్రోనో ఏ టర్మ్‌లోనైనా తీసుకోవచ్చు. కాబట్టి కాగితం మీద ముందు మ్యూజిక్ వరస నాలుగు సెమిస్టర్లకి వేసుకుని, ఖాళీల్లో ఫిలాసఫీ పెట్టుకోండి.

స్టెప్ 3: యూనిట్లు చూసి మోసపోకండి

ఫిలాసఫీ క్లాసు మూడు యూనిట్లంటే వారానికి మూడు గంటల లెక్చరు, ఇంటిదగ్గర దానికి రెట్టింపు చదువు. కోయిర్ (బృందగానం) ఒక్క యూనిట్టే కదా అని తీసుకుంటే, అది ల్యాబ్ లెక్కలో వస్తే ఆ ఒక్క యూనిట్‌కే వారానికి మూడు గంటలు క్లాసులోనే నిలబడాలి, ఇక కచేరీ ముందు వారం రిహార్సల్స్ వేరే! మ్యూజిక్ ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి (ఇక్కడ రెండేళ్ళు చదివి మిగతాది యూనివర్సిటీలో పూర్తిచేసే దారి) వెళ్ళేవాళ్ళు ఇలాంటి బృందంలో నాలుగు సెమిస్టర్లు ఉండాలి, సోలో పాఠాలు కూడా అంతే, వాటికి సాధారణంగా ఆడిషన్, టర్మ్ చివర జ్యూరీ అని టీచర్ల ముందు వాయించి చూపించడం ఉంటాయి. ఉద్యోగం చేసేవాళ్ళు టర్మ్‌కి రెండు మ్యూజిక్ క్లాసులు, ఒక ఫిలాసఫీ మించి పెట్టుకోకండి.

స్టెప్ 4: కర్ణాటకం నేర్చుకున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి

మనకి చెవి విషయంలో మంచి పునాదే ఉంటుంది. వాళ్ళ మేజర్ స్కేలు మన శంకరాభరణం, నేచురల్ మైనర్ నఠభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి. క్లాసులో మూవబుల్ డో పద్ధతి అయితే ఇంకా హాయి, డో అంటే మన స, శ్రుతి ఎక్కడ పెడితే అక్కడ. తిప్పలు వచ్చేది మూడు చోట్ల. ఒకటి, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే స్వరలిపి) చూసి అప్పటికప్పుడు పాడటం, మనం విని పట్టుకునేవాళ్ళం కాబట్టి మొదటి నెల అక్షరాలు దిద్దినట్టే ఉంటుంది. రెండు, గమకం. స్వరం నిటారుగా పాడమంటే నా గొంతు దానంతటదే ఊగేది, టీచర్ నవ్వి "వైబ్రేటో (గొంతు వణికించడం) వద్దు" అనేవాడు, అది వైబ్రేటో కాదు మొర్రో అని చెప్పడానికి సగం సెమిస్టర్ పట్టింది. మూడు, హార్మనీ. నాలుగు గొంతులకి ఒకేసారి రాయాలి, రెండు గొంతులు పంచమం దూరంలో అలాగే కలిసి కదిలితే తప్పు అని మార్కులు కోస్తారు, మనకి అసలు ఇలాంటి ఆలోచనే అలవాటు లేదు. రోజూ ఇరవై నిమిషాలు కీబోర్డు మీద కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) వేస్తూ పైన స్వరం పాడండి, అంతకుమించి చిట్కా లేదు.

స్టెప్ 5: ఫిలాసఫీలో లాజిక్ ముందు తీసుకోండి

చాలామంది ఇంట్రోతో మొదలుపెడతారు, నేనైతే లాజిక్ అంటా. వానొస్తే రోడ్డు తడుస్తుంది, రోడ్డు తడిసింది, కాబట్టి వానొచ్చింది, ఇది తప్పు వాదన, స్ప్రింక్లర్ తిరిగి ఉండొచ్చు కదా! సరైన వాదనకీ ఇలాంటిదానికీ ఉన్న తేడా ఒంటబడితే తర్వాత డెకార్ట్, కాంట్ లాంటి తత్వవేత్తల్ని ఎవర్ని చదివినా దారి దొరుకుతుంది. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అనే మన న్యాయశాస్త్రం ఉదాహరణ తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా కూడా అనిపించదు. పేజీలు తక్కువ ఇస్తారు, పది పేజీలే కదా అని రాత్రి పదకొండుకి తెరిస్తే మాత్రం అయిపోయినట్టే, ఒక్కొక్కటి మూడుసార్లు చదవాల్సిందే. క్లాసులో టీచర్ మాటకి ఎదురు చెప్పడం మనకి నేర్పలేదు, అక్కడ చెప్పకపోతే పార్టిసిపేషన్ మార్కులు పోతాయి, ముందు ఆఫీస్ అవర్స్‌కి (టీచర్ విడిగా కలిసే సమయం) వెళ్ళి అలవాటు చేసుకోండి.

రెండూ ఎక్కడ కలుస్తాయా అని అడిగేవాళ్ళకి, పైథాగరస్ అనుచరులు తీగ పొడవుల నిష్పత్తుల్లోనే (షడ్జానికి తారషడ్జం 2:1, పంచమం 3:2) ప్రపంచం లెక్క దొరికిందనుకున్నారు, ప్లేటో "రిపబ్లిక్"లో ఏ రాగాలు ఊళ్ళో ఉండాలో ఏవి ఉండకూడదో తేలుస్తాడు. ఎథిక్స్ పేపర్‌కి నేను ఇదే తీసుకున్నా, మంచి గ్రేడే వచ్చింది.

స్టెప్ 6: ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకుంటే

అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీ కాలేజీ, వెళ్ళాల్సిన యూనివర్సిటీ పెట్టి ఏ కోర్సుకి ఏ కోర్సు సమానమో ప్రింట్ తీసుకోండి, కౌన్సెలర్ నోటిమాట కన్నా ఆ కాగితం నమ్మండి. ట్యాగ్ అనే సీటు గ్యారంటీ ఆరు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలోనే ఉంది: డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్లీ, ఎల్ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ట్యాగ్ ఫారం సెప్టెంబర్ నెలలో, అసలు అప్లికేషన్ నవంబర్ చివరికల్లా. మ్యూజిక్ మేజర్‌కి (అంటే ప్రధాన సబ్జెక్టుగా) ట్యాగ్ అన్నిచోట్లా వర్తించదు, ఆడిషన్ కూడా వేరుగా అడగొచ్చు, ఫిలాసఫీకి ఆ గొడవ లేదు కాబట్టి కొంతమంది ఫిలాసఫీ మేజర్‌గా వెళ్ళి మ్యూజిక్ మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) చేస్తారు, తెలివైన పనే.

కీబోర్డు ఇప్పుడే కొనేయండి, మొదటి ఏడాదికి 61 కీలది చాలు, హెడ్‌ఫోన్స్ మాత్రం మర్చిపోవద్దు, ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కలే.