ఎండలు ముదరకముందే కారు ఏసీ: గ్యాస్ కొట్టించే ముందు చూసుకోవాల్సినవి

శివరాత్రి దాటిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఎండ రోజురోజుకీ ముదురుతుంది. మేలో 45 డిగ్రీలు తాకే రోజులు మనకు కొత్తేం కాదు. ఆ ఎండలో చంటిపిల్లనో, గుండెజబ్బున్న పెద్దవాళ్లనో హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఏసీలోంచి వేడిగాలి వచ్చిందనుకోండి, ప్రాణాల మీదికి రావచ్చు. అందుకే మార్చిలోనే ఒక పూట పెట్టుకుని ఏసీ చూపించుకోండి. మే నెలలో ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. ఆ ఒత్తిడిలో లీకు వెతికే తీరిక ఎవరికీ ఉండదు, గ్యాస్ కొట్టి పంపించేస్తారు.

ముందు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. రబ్బరు పైపుల గుండా ఏళ్ల తరబడి కాస్త కాస్త తగ్గడం మామూలే. కానీ నిరుడు నింపించింది ఈ ఏడాదికి లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టకుండా మళ్లీ నింపించడం డబ్బులు గాలికి వదలడమే. పైగా గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ కూడా పోతుంది, చివరికి కంప్రెసరే పట్టేస్తుంది. పైపుల జాయింట్ల దగ్గర జిడ్డుగా తడి, దాని మీద దుమ్ము అంటుకుని కనిపిస్తే లీకు అక్కడేనని అనుమానించాలి.

వేడిగాలి వచ్చిన ప్రతిసారీ గ్యాస్ అయిపోయిందనుకోవద్దు. హైవే మీద చల్లగా వస్తూ, టోల్‌గేట్ దగ్గర ఆగగానే వేడిగా వస్తుంటే ముందు కండెన్సర్ (గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్‌ను చూడాలి. గాలే సరిగా రాకపోతే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనకే ఉంటుంది, మనమే తీసి చూడొచ్చు. ఏసీ నొక్కినా కంప్రెసర్ అసలు అందుకోవట్లేదంటే ఫ్యూజు, రిలే, వైరింగ్ కూడా చూడమనండి. వడ్ల బస్తాల పక్కన పెట్టే కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం మన ఊళ్లలో మామూలే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఇంకొకటుంది. యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే దుమ్ము, రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పొట్టు, మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊక, పత్తి నూగు... అన్నీ పోయి కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనక. టార్చి వేసి చూస్తే పరుపు పరిచినట్టు కనిపిస్తుంది. గాలి దూరకపోతే గ్యాస్‌లోని వేడి బయటికి పోదు, గ్యాస్ నిండుగా ఉన్నా చల్లదనం రాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మామూలు పైపుతో మెల్లగా కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొట్టించొద్దు, ఆ పల్చటి రెక్కలు వంగిపోయి గాలి దారి పూర్తిగా మూసుకుపోతుంది.

బానెట్ ఎత్తినప్పుడు మెడలో కండువా, చున్నీ, గొలుసు తీసి పక్కన పెట్టండి, అవి బెల్టులో చిక్కితే లాక్కుపోతుంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, కాబట్టి దాంట్లో చెయ్యి పెట్టొద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యొద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లను ముట్టుకోనే కూడదు.

గ్యాస్ జాయింట్లు ఇంట్లో విప్పకండి. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఎ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవంగా చిమ్మితే చర్మం గడ్డకట్టుకుపోతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. పడితే రుద్దకుండా 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ గ్యాస్ మంట తగిలితే విషవాయువుగా మారుతుంది, అందుకే గ్యాస్ పని జరిగే చోట బీడీ, వెల్డింగ్ రెండూ వద్దు. ఊరికే గాల్లోకి వదిలేయనివ్వకండి కూడా, భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా చెడ్డది.

షెడ్డులో మీరు దగ్గరుండి అడగాల్సినవి ఉన్నాయి. మొదట నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బు నురగతో జాయింట్లన్నీ చూడమనండి. లీకు బాగుచేశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టాలి, అంటే పంపుతో పైపుల్లోని గాలి లాగెయ్యాలి, లోపలి తేమ పోవాలంటే అదే దారి. గ్యాస్ అందాజుగా కాకుండా తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింది స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. లీకు మూసే మందు డబ్బాలు ఒప్పుకోవద్దు, అవి వాల్వుల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. సగం ధరకే వస్తుందని వంటగ్యాస్ లాంటి అంటుకునే గ్యాస్ నింపనివ్వకండి, డ్యాష్‌బోర్డు వెనక గాలిని చల్లబరిచే కాయిల్ లీకైతే అది నేరుగా మనం కూర్చున్న చోటికే వస్తుంది.

బిల్లు మీద ఎన్ని గ్రాములు నింపారో, ఏ జాయింటుకు రబ్బరు రింగు మార్చారో రాయించుకుని కారులోనే ఉంచండి. మళ్లీ వేడిగాలి వస్తే మెకానిక్ మొదట చూడాల్సింది ఆ కాగితమే.