ఏఐ తోని కోడింగ్ నేర్చుకునేటోళ్లు ఎట్ల వాడాలె

మొన్న పండక్కి హన్మకొండ పోతే మా చిన్నాయన కొడుకు ల్యాప్‌టాప్ ముంగట కూసొని ఉన్నడు, డిగ్రీ సెకండియర్, పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకుంటుండు. ఎనుమాముల మార్కెట్‌కు ఏ రైతు ఎన్ని మిర్చి బస్తాలు తెచ్చిండో ఫైల్‌ల రాసి, అందరికన్నా ఎక్కువ ఎవరు తెచ్చిండ్రో చూపించే చిన్న ప్రాజెక్ట్. ఏఐని రెండుసార్లు అడిగిండు, ఒకసారి ఫైల్ చదివే కోడ్, ఇంకోసారి పెద్ద నంబర్ ఏదో చెప్పే కోడ్, రెండిటినీ అతికిచ్చిండు, రన్ అయింది. ఫైల్‌ల 9, 12, 35 ఉన్నయి, జవాబేమో 9 అని వచ్చింది. "ఎర్రర్ రాలే గదన్నా, కోడ్ కరెక్టే ఉన్నట్టుంది" అంటడు.

సంగతేందంటే, ఫైల్ల నుంచి చదివింది పైథాన్‌కు నంబర్ కాదు, టెక్స్ట్. టెక్స్ట్‌ను పోల్చేటప్పుడు మొదటి అక్షరం కాడికెల్లి చూస్తది, 9 అనే అక్షరం 1 కన్నా 3 కన్నా పెద్దది కాబట్టి 9 గెలిచింది. టెక్స్ట్‌ను నంబర్ చేసే ఇంట్ (int) అనే ఫంక్షన్ పెట్టి మారిస్తే 35 వస్తది, గంతే. కానీ గా ముక్క తెల్వకపోతే తప్పు జవాబు పట్టుకొని సార్ ముంగటికి పోతం, రేపు ఉద్యోగంల అయితే కస్టమర్ ముంగటికి.

నేను ఏఐ వాడొద్దు అంటలేను, నేను రోజంతా దాంతోనే పని చేస్త. 2021ల కోడ్ రాసిచ్చే ఏఐ గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పుడు ఒకటి రెండు లైన్లు ముందే రాసి చూపిస్తేనే అబ్బో అనుకున్నం, ఇప్పుడు కర్సర్, క్లాడ్ కోడ్ లాంటియి మొత్తం ఫైళ్లు వాటంతటవే మారుస్తున్నయి. 2025 ఫిబ్రవరిల ఓపెన్‌ఏఐ మొదలువెట్టినోళ్లల్ల ఒకడైన ఆండ్రే కార్పతి వైబ్ కోడింగ్ అనే మాట అన్నడు, కోడ్ చూడకుండ ఏఐకి చెప్పుకుంట పోవుడన్నమాట, కానీ ఆయన అన్నది వాడి పారేసే వీకెండ్ ప్రాజెక్టుల గురించి, పైగా ఆయనకు కోడింగ్ ఎప్పటినుంచో వచ్చు. నేర్చుకునే పిల్లలకు గా పద్ధతి పనికిరాదని నా గట్టి నమ్మకం.

మరి ఎట్ల చెయ్యాలె అంటే, ముందుగాల ఒక అరగంట నోట్‌బుక్ పెన్ను పట్టుకొని స్టెప్పులు తెలుగుల రాసుకోండ్రి, ఏం వస్తది లోపలికి, ఏం పోవాలె బయటికి. తర్వాత కోడ్ మీరే మొదలువెట్టుండ్రి, తప్పులైనా సరే. ఆగిపోయిన కాడ ఏఐని గిట్ల అడుగుండ్రి: "నేను కొత్తగ నేర్చుకుంటున్న, కోడ్ రాసియ్యకు, నేను ఎక్కడ తప్పు చేస్తున్ననో ఒక చిన్న హింట్ ఇయ్యి, తర్వాత నన్నే ఒక ప్రశ్న అడుగు." తెలుగుల అడిగినా అర్థం చేసుకుంటది, ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగు టైప్ చేసినా చేసుకుంటది, ఇంగ్లిష్ రాదని భయపడి వెనకకు పోయే మన ఊర్ల పిల్లలకు ఇది నిజంగ మంచి మాట.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటున్నది. రన్ బటన్ నొక్కే ముందు అవుట్‌పుట్ ఏమొస్తదో కాగితం మీద రాయాలె. రాసింది, వచ్చింది కలవకపోతే మీకు తెల్వని ముచ్చట గదే, అక్కడ ఆగుండ్రి, గంట పోయినా పర్వాలేదు. ఏఐతోని స్పీడ్‌గ పోతున్నం అనిపించుడు వేరు, నిజంగ పోవుడు వేరు. 2025 జులైల ఏఐ మోడళ్లను పరీక్షించే మెటర్ (METR) అనే సంస్థ అనుభవమున్న 16 మంది డెవలపర్లతోని 246 పనులు చేయించి చూస్తే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైం పట్టింది, వాళ్లేమో 20 శాతం తొందరగ అయిందనుకున్నరు. వాళ్లు ఏండ్ల నుంచి పని చేస్తున్న సొంత ప్రాజెక్టులే అవి, అందరికీ ఇదే లెక్క అని కాదు గానీ మన అంచనా మనమే నమ్మొద్దని మాత్రం తెలుస్తది.

ఇంకా రెండు జాగ్రత్తలు. ఏఐ చెప్పిన లైబ్రరీ (వేరేటోళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేరు చూసి వెంటనే ఇన్‌స్టాల్ చెయ్యకుండ్రి, ఒక్కోసారి లేని పేర్లు కూడ చెప్తది, గా పేరు మీదనే ఎవడన్న దొంగ ప్యాకేజీ పెట్టి ఉండొచ్చు, పైథాన్ లైబ్రరీలు దొరికే పైపీఐ (PyPI) వెబ్‌సైట్‌ల అది ఎవరు పెట్టిండ్రో చూసుకొని చెయ్యండ్రి. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సర్వీసులు వాడుకునేతందుకు ఇచ్చే రహస్య కోడ్‌లు) చాట్‌ల అస్సలు పేస్ట్ చెయ్యొద్దు.

మావోడు ఆ రాత్రి కోడ్ మొత్తం తీసేసి మళ్ల రాసుకున్నడు. ఫైల్‌ల ఖాళీ లైన్ పెడితే ఆగిపోతదని ముందే రాసిండు, అట్లనే ఆగింది, సరిచేసుకున్నడు. తర్వాత తెలుగు అంకెలతోని ౩౫ అని ఇంట్‌కు ఇస్తే ఏమైతది అని అడిగిన. ఎర్రర్ వస్తదని రాసిండు. నొక్కితే 35 అని వచ్చింది, పైథాన్ తెలుగు అంకెలను గూడ గుర్తుపడతది! అర్ధరాత్రి పన్నెండైంది, చిన్నమ్మ పడుకొమ్మని ఒకటే మొత్తుకుంటుంది, వాడు మాత్రం అన్ని భాషల అక్షరాలు, అంకెలు కంప్యూటర్‌కు తెలిసేటట్టు చేసే యూనికోడ్ అంటే ఏందని ఏఐని అడుగుకుంట కూసున్నడు.