గప్పీల పెంపకం - 4వ పాఠం: తొట్టిలో మేనరికం

మూడో పాఠం చివర గప్పీ చేపపిల్లల్ని మూడు వారాలకే ఆడా మగా వేరు చేసి పెట్టుకోమన్నాను. అంత తొందరెందుకో ఇందులో తెలుస్తుంది. ఈసారి చేతులు తడవవు. ఒక నోటుపుస్తకం, నాలుగు రకాల గింజలు చాలు.

ముందు నా సంగతి. అనంతపురంలో మా మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో ఒక సిమెంటు తొట్టి ఉండేది. ఒక్క జత ఎర్రతోక గప్పీలతో మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి వందకు పైనే అయ్యాయి. మళ్ళీ ఒక్క చేప కూడా కొనలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రెండో ఏడు కథ మారింది. ఈతకు ముప్పై పిల్లలు పెట్టే ఆడవి పదికీ పన్నెండుకీ దిగాయి. మగవాటి తోకలు కుదించుకుపోయాయి. ఎండలు ముదిరితే ముందు తేలేవి ఆ తొట్టిలోవే. మేత మార్చాను, నీళ్ళు మార్చాను, మందు కూడా వేశాను. వంద చేపలున్నప్పుడు రక్తం దగ్గరదెలా అవుతుందని నా ధైర్యం. ఆ వందా ఒకే జత సంతానమన్న సంగతి మాత్రం బుర్రకు తట్టలేదు.

మేనరికం అంటే ఏమిటో మన సీమ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. మేనమామను చేసుకున్నవాళ్ళు, మేనబావను చేసుకున్నవాళ్ళు ఏ ఇంటి పెళ్ళి ఆల్బం తిరగేసినా కనిపిస్తారు. దగ్గర రక్తం కలయికనే ఇన్‌బ్రీడింగ్ అంటారు. దాని కొలత, ఒక జన్యువు ప్రతులు రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే ప్రతి అయ్యే అవకాశం. ఆ లెక్కలో మేనమామ, మేనకోడలు పిల్లలకు ఇన్‌బ్రీడింగ్ ఎనిమిదింట ఒక వంతు. మేనబావ, మరదలు పిల్లలకు పదహారింట ఒక వంతు. పై తరాల్లోనూ మేనరికాలుంటే ఇంకా పెరుగుతుంది. మరి తొట్టిలో అన్నాచెల్లెళ్ళు జత కడితే? నాలుగింట ఒక వంతు. తండ్రీకూతుళ్ళకూ అంతే. ఈ లెక్క వేసే పద్ధతిని 1922లో అమెరికా శాస్త్రవేత్త సీవాల్ రైట్ ఇచ్చాడు. ఆయన అంతకుముందు తరాల తరబడి అన్నాచెల్లెళ్ళను జత చేసిన గినీ పందుల మీద పని చేసినవాడు.

ఇప్పుడు గింజలు తీయండి. దాదాపు ఏ జన్యువుకైనా చేపలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. అందుకని తండ్రి చేప ముందు ఒక కంది, ఒక పెసర పెట్టండి. తల్లి ముందు ఒక మినుము, ఒక శనగ. కళ్ళు మూసుకుని తండ్రి దగ్గర ఒకటి, తల్లి దగ్గర ఒకటి తీస్తే అన్న తయారు. ఏ గింజలొచ్చాయో రాసుకుని వెనక్కి వేసేయండి. చెల్లెల్ని కూడా అలాగే తయారు చేయండి. ఇక అన్న తన రెండింటిలో ఒకటి, చెల్లెలు తన రెండింటిలో ఒకటి పిల్లకు ఇవ్వాలి. అది కూడా చూడకుండానే. రెండూ ఒకే గింజైతే ఒక గీత గీయండి. నలభై సార్లు చేస్తే పది గీతల దగ్గరికొస్తాయి. మా వంటింటి గట్టు మీద నాకు పదకొండు వచ్చాయి. నాలుగింట ఒక వంతు అంటే ఇదే.

అయితే ఏమిటట? ఆ శనగ పుచ్చుదనుకోండి. పిల్లలో ఒక పుచ్చు శనగ, ఒక కంది ఉంటే కంది పని నడిపిస్తుంది, లోపం బయటపడదు. రెండూ ఆ పుచ్చు శనగే అయినప్పుడు బయటపడుతుంది. మామూలు రంగు గప్పీలకు ఉన్నట్టుండి ఎర్రకళ్ళ అల్బినో పిల్లలు పుట్టేది ఈ దారిలోనే. అంటే దగ్గర రక్తం కొత్తగా రోగాన్ని పుట్టించదు, దాగి ఉన్నదాన్ని జత చేసి చూపిస్తుంది. మంచి తోకను స్థిరపరచడానికి బ్రీడర్లు కావాలనే దగ్గర చేపల్ని కలుపుతారు కదా, అదీ ఇదే సూత్రం. కత్తి ఒకటే, దానితో కూర తరగొచ్చు, వేలూ తెగొచ్చు.

తిప్పలు ఒక్కసారి కలపడంతో రావు. తరం తర్వాత తరం అన్నాచెల్లెళ్ళనే కలుపుతూ పోతే 25 శాతం, 37.5, 50, నాలుగో తరానికి 59 దాటుతుంది. గప్పీకి తరమంటే మూడు నాలుగు నెలలు. మనుషులకు నూరేళ్ళు పట్టేది తొట్టిలో ఏడాదిలో అయిపోతుంది.

ఇక తొట్టిలో ఎన్ని చేపలున్నాయన్నది పక్కన పెట్టి, తండ్రులెంతమందో లెక్కపెట్టండి. రక్తం విషయంలో ఆ తొట్టి నిజానికి ఎన్ని చేపలతో సమానమో చెప్పే చిన్న లెక్కుంది. మగవాటిని ఆడవాటితో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, మొత్తం చేపలతో భాగించాలి. ఒక మగ, పది ఆడవి ఉంటే 40ని 11తో భాగిస్తే 3.6. ఐదు మగవి, ఐదు ఆడవి ఉంటే సరిగ్గా 10. ఆ సంఖ్యను రెట్టింపు చేసి, దానితో ఒకటిని భాగిస్తే తరానికి పెరిగే ఇన్‌బ్రీడింగ్ వస్తుంది. మొదటి తొట్టికి 14 శాతం దాకా, రెండోదానికి 5 శాతం. పదకొండు చేపలున్న తొట్టి పది చేపలున్న తొట్టి కంటే దాదాపు మూడింతలు వేగంగా దిగజారుతోందన్నమాట. "మగ ఒకటి చాలు, ఆడవి ఎక్కువ వేయండి" అని దుకాణంలో చెప్పే సలహా ఆడవాటిని వేధింపు నుంచి కాపాడుతుంది, నిజమే. రక్తం విషయంలో మాత్రం అది పనికిరాదు.

కళ్యాణదుర్గం వైపు గొర్రెలు కాచే ఒక పెద్దాయనతో ఈ మాటంటే నవ్వాడు. "దీనికి లెక్కలెందుకు సామీ? రెండేండ్లకోసారి పొట్టేలును మారుస్తాం. లేకుంటే అది దాని కూతుర్ల మీదికే పోతాది." మందకంతటికీ తండ్రి ఆ ఒక్క పొట్టేలే కాబట్టి, దాన్ని మారిస్తే సగం రక్తం మారినట్టే.

నేనూ అదే చేసి దెబ్బతిన్నాను. నీలం తోక మగను తెచ్చి ఎర్రతోక ఆడవాటితో వదిలాను. పిల్లలు బలంగా పుట్టాయి. కానీ కొడుకుల్లో నా ఎరుపు ఒక్కదానికీ సరిగ్గా రాలేదు. గప్పీ మగవాటి రంగులు చాలావరకు మగవాటికే ఉండే వై క్రోమోజోము మీద, తండ్రి నుంచి కొడుక్కి నేరుగా పోతాయి. 1920లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ గప్పీల్లో ఒక మచ్చ అలా తండ్రి నుంచి కొడుకులకే దిగడం చూపించాడు. కాబట్టి గొర్రెలకు పొట్టేలు మార్చాలి గానీ, గప్పీలకు కొత్త కోడలు రావాలి. మగవి మీవే ఉంచి, బయటి నుంచి ఆడవాటిని తెచ్చుకోండి. రెండు వైపులా చుట్టరికం లేకపోతే, ఎవరి వంశంలో ఎంత దగ్గర రక్తమున్నా, పుట్టే పిల్లల్లో ఇన్‌బ్రీడింగ్ ఒక్క దెబ్బకు సున్నా అవుతుంది. తోక ఆకారం, ఒంటి రంగు వంటివి తల్లి నుంచీ వస్తాయి కనుక రెండో తరంలో కొంత చెదురుతాయి. ఏరుకోవలసింది అప్పుడే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆడ గప్పీ ఒకసారి కలిశాక ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. దుకాణం నుంచి తెచ్చిన పెద్ద ఆడది మీ తొట్టిలో మూడు ఈతలు ఈనినా, వాటి తండ్రి ఎవరో మీరు చెప్పలేరు. అందుకే మగవాటితో కలవకముందే వేరు చేసిన పిల్లలే కావాలి. మూడు వారాల తొందర అందుకే. రెండోది, ఒక దుకాణం అద్దాల తొట్టిలో ఉన్నవన్నీ అక్కాచెల్లెళ్ళే కావచ్చు. కర్నూలులో రెండు, అనంతపురంలో రెండు కొన్నా, రెండు దుకాణాలూ చెన్నై కొళత్తూరులో ఒకే పెంపకందారు దగ్గర తెచ్చి ఉంటే మీ బస్సు ఛార్జీ దండగ. సరుకు ఎక్కడిదో మొహమాటం లేకుండా అడగండి. తెచ్చాక నెల రోజులు వేరే డబ్బాలో పెట్టండి.

ఒక మాట. వెన్ను వంగిన చేప కనిపించగానే ఇన్‌బ్రీడింగ్ అని తేల్చేయకండి. మేత లోపం, ముసలితనం, చేపల క్షయ, వీటిలో ఏదైనా కావచ్చు. పుట్టిన కొద్ది రోజులకే, ఒకే ఈతలో నాలుగైదింటికి కనిపిస్తే రక్తాన్ని అనుమానించండి. పెద్ద చేపల్లో ఒక్కొక్కటిగా మొదలై, చిక్కిపోతూ ఉంటే క్షయను అనుమానించండి. చేతికి గాయముంటే ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకండి, అది మనిషికీ అంటుతుంది.

ఈ నెల పని: మూడు డబ్బాలకు 'అ', 'ఆ', 'ఇ' అని మార్కరుతో రాయండి. ఒక్కోదాంట్లో మూడు మగవి, నాలుగు ఆడవి. పిల్లలు ఎదిగాక 'అ' డబ్బా మగపిల్లల్ని 'ఆ' డబ్బాకు, 'ఆ' డబ్బావాటిని 'ఇ' కి, 'ఇ' డబ్బావాటిని 'అ' కి పంపాలి. ఆడపిల్లలు పుట్టిన డబ్బాలోనే ఉంటాయి, పెద్దవాటిని తీసేయాలి. నోటుపుస్తకంలో ప్రతి ఈతకూ తేదీ, డబ్బా అక్షరం, పిల్లల లెక్క, వంకరవి ఎన్నో రాయండి. ఐదో పాఠంలో ఆ పుస్తకం పక్కన పెట్టుకునే ఏరివేత మొదలుపెడదాం.